నేల చల్లగా ఉందా

“నేల చల్లగా ఉందా అమ్మా?”

గోడవార బల్ల మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు.

రెండు ఇనుప కడ్డీలు పట్టుకుని మొదటిసారి నిలబడ్డ టైలరమ్మ జవాబివ్వలేదు. ఒళ్లంతా చెమట. కాళ్లు తన కింద ఉన్నాయో లేవో చూసుకోవడానికే ఆమెకు తీరిక లేదు.

రెండు నెలల క్రితం వరకు ఆ కాళ్లు పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కేవి.

ఒకరోజు ఉదయం నడుము చుట్టూ ఎవరో బెల్టు బిగించినట్టనిపించింది. సాయంత్రానికి కాళ్లు తిమ్మిరెక్కాయి. మర్నాటికి పాదంలో సూది గుచ్చినా తెలియలేదు.

వెన్నుపాములో వాపు అన్నారు. అరుదైన జబ్బన్నారు. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. అది చాలక, రక్తంలోని ప్లాస్మా తీసి మార్చడం ఐదుసార్లు చేశారు.

“ముగ్గురిలో ఒకరు దాదాపు మామూలైపోతారు,” అన్నాడు డాక్టరు. “ఒకరికి సగం వస్తుంది. ఒకరికి రాదు.”

“నేను ఎన్నోదాన్ని సార్?”

“అది మీ కాళ్లే చెప్పాలమ్మా. మొదటి మూడు నెలలూ ముఖ్యం. ఆ తర్వాత కూడా రెండేళ్ల దాకా కొద్దికొద్దిగా రావొచ్చు. వ్యాయామం మాత్రం మానకండి.”

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీల్లేని హాల్లో ఆ వ్యాయామం. చేయించేది ఫిజియో అమ్మాయి.

“ఇదే జబ్బుతో ఒకాయన స్ట్రెచర్ మీద వచ్చారక్కా,” అంది ఆ అమ్మాయి మొదటి వారంలోనే. “మూడు నెలల దాకా బొటనవేలు కూడా కదల్లేదు. ఇప్పుడు మెట్లెక్కుతారు.”

“ఎవరాయన? ఒక్కసారి చూపించవూ?”

“చెప్పొద్దన్నారు.”

టైలరమ్మ ఆ మనిషిని మనసులోనే కుట్టుకుంది. పొడుగ్గా ఉంటాడు. చకచకా నడుస్తాడు. కళ్లు మూసుకుంటే చాలు, ఆయన మెట్లెక్కుతూ కనిపించేవాడు.

కళ్లు తెరిస్తే బల్ల మీద ఈ పెద్దాయన.

“మడమ ముందు. వేళ్లు కాదు.”

“ఈయనకి ఇంట్లో పనేం ఉండదా?” తోడుగా వచ్చే చెల్లెలు గొణిగింది.

“ఉండదనుకుంటా. ఇంట్లోవాళ్లే పొద్దున్నే ఇక్కడికి తోలేస్తున్నారేమో.”

లేచి నడిచేటప్పుడు ఆయన తల పైకెత్తడు. ఎవరు పలకరించినా తన పాదాల వైపే చూస్తూ జవాబిస్తాడు. అక్కచెల్లెళ్లు ఆయనకి నేలచూపుల తాత అని పేరు పెట్టారు.

ఓరోజు పట్టపగలే కరెంటు పోయింది. హాలంతా చీకటి. లైట్లు వెలిగేసరికి పెద్దాయన హాలు మధ్యలో, స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు.

“ఈ వయసులో చీకటంటే భయమేంటి తాతగారూ?” నవ్వింది చెల్లెలు.

“భయమేనమ్మా,” అని ఆయనా నవ్వాడు. బల్ల దాకా వచ్చి కూర్చుని మళ్లీ అదే ప్రశ్న వేశాడు. “ఇవాళ నేల చల్లగా ఉందా?”

ఆ రోజుతో మూడు నెలలు నిండాయి. నాలుగడుగులు వేస్తే రెండు తడబడుతున్నాయి. షాపులో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. టైలరమ్మకి ఒళ్లు మండింది.

“చల్లగా ఉందో వెచ్చగా ఉందో నాకెలా తెలుస్తుందండీ? రోజూ పుండు మీద కారం చల్లకపోతే మీకు తోచదా? ఈ జబ్బు మీకొచ్చుంటే తెలిసేది.”

హాల్లో అందరూ ఇటు తిరిగారు.

“నిజమేనమ్మా,” అన్నాడు పెద్దాయన.

కాసేపు తన పాదాల వైపు చూసుకున్నాడు. తర్వాత లేచి, ఒక్కో అడుగే చూసి వేసుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ ఆమె ఉండే టైముకి రాలేదు.

ఆమె మాత్రం మడమే ముందు వేసింది.

చేతికర్ర మీద నడవడం వచ్చాక ఆసుపత్రి మానేసి ఇంట్లోనే వ్యాయామం చేసుకుంది. మిషను మీద దుప్పటి తీసింది గానీ, పెడల్ మీద పాదం నిలిచేది కాదు. ఎక్కడుందో తెలియక జారిపోయేది.

ఎనిమిదో నెలలో ఓ ఉదయం మంచం దిగి ఎడమ పాదం నేల మీద మోపింది.

మడమ దగ్గర సన్నగా, తడి దారం లాగినట్టు చల్లదనం.

పాదం ఎత్తి మళ్లీ మోపింది. ఉంది.

ఆమెకి మిషను గుర్తు రాలేదు. చెల్లెలినీ పిలవలేదు. ఆ పూటే కర్ర పుచ్చుకుని ఆసుపత్రికి వెళ్లింది.

బల్ల ఖాళీగా ఉంది.

“పెద్దాయన ఏ టైముకి వస్తున్నారిప్పుడు?”

ఫిజియో అమ్మాయి చేతిలో పని ఆపింది.

“పోయిన నెల పోయారక్కా. నిద్రలోనే.”

టైలరమ్మ ఆ బల్ల మీదే కూర్చుంది.

“రోజూ అడిగేవారు. ఒక్కరోజూ చెప్పలేదు నేను. ఇవాళ చెబుదామని వచ్చాను. చల్లగానే ఉందని.”

“ఎవరైనా ఉందంటే ఆ రోజంతా పొంగిపోయేవారక్కా.” ఫిజియో అమ్మాయి పక్కన కూర్చుంది. “నువ్వు చూపించమన్న మనిషి ఆయనే.”

“ఎవరు?”

“మెట్లెక్కుతారన్నానే, ఆయన.”

టైలరమ్మ హాలు మధ్యలోని స్తంభం వైపు చూసింది.

“మరి చెప్పొద్దన్నారెందుకు?”

“‘నా నడక చూస్తే, వచ్చేది ఇంతే కాబోలని ఆగిపోతారు. చెప్పకు’ అన్నారు.”

“బాగానే నడిచేవారుగా.”

“పాదాల్ని చూస్తూ నడిచేవారక్కా. కాళ్లు కదిలాయి గానీ స్పర్శ రాలేదు. పదకొండేళ్లుగా, నేల చల్లగా ఉందో లేదో ఇంకొకరు చెబితేనే ఆయనకి తెలిసేది.”