మగదిక్కు లేని ఇల్లు

విదేశీ సంస్థ జీపు కంబదూరు రోడ్డు దిగి మా వీధిలోకి రాగానే, మా అత్త తిరుపాలమ్మ నా బొట్టు తుడిచి, తాళిని రవికెలోకి దోపింది. మా ఆయన శనక్కాయల మూటల వెనక నక్కాడు.

పోయిన నెల సర్వేకు వచ్చిన మనిషి మొగుడి పేరు అడిగాడు. అప్పుడే తలంటుకున్నాను, బొట్టు లేదు. పేరు చెప్పడానికి సిగ్గుపడి తల వంచుకున్నాను. మొగుడు పోయినవాళ్లకు కట్టించే ఇండ్ల లిస్టులో నన్ను రాసుకుపోయాడు. ఇంట్లో ఎవరూ దిద్దనివ్వలేదు.

లిస్టు సరిచూసేందుకు జీపు దిగిన సంస్థ నర్సమ్మ నన్ను అడిగింది, "మీ ఆయన పోయి ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లాయ తల్లీ," అత్త ముక్కు చీదింది.

నర్సమ్మ చూపు నా కడుపు మీద ఆగింది. ఐదో నెల. కొంగు కప్పినా దాగలేదు.

"ఎవరమ్మా వాడు?" నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

నేను మూటల వైపు చూశాను. ఆయన లేచి వస్తే చాలు.

"మాకూ చెప్పదు తల్లీ. కొట్టి అడిగినా చెప్పదు," అంది అత్త.

నర్సమ్మ జాలిగా నా పేరు పక్కన టిక్కు పెట్టుకుని పోయింది.

అప్పుడు లేచాడు ఆయన, దుమ్ము దులుపుకుంటూ.

"భలే చెప్తివే అమ్మా! ఇల్లు మనకే!"