ఏ టైరూ ఎక్కని కొండ

"బటన్ల టైరా, గీతల టైరా? బేగి సెప్పండి బాబూ," అన్నాడు అరకులో టైర్ల కొట్టువాడు. వెనక చక్రం ఊడదీసిన పాతకాలపు రాజ్‌దూత్ స్టాండు మీద ఉంది.

మిరియాల వ్యాపారి వరహాలరావు వెనక్కి తిరిగాడు. "కొండలు నీయి. నువ్వే సెప్పు భీముడూ."

బండి వెనక కూర్చుని దారి చూపించడం, కొండ ఊళ్లలో మాట కలపడం భీముడి పని. మిరియాలు తీగ మీద ఉండగానే వరహాలరావు రైతుల చేతిలో అడ్వాన్సు పెట్టి, పంటంతా కారుచౌకగా లాగేసుకోవడం దగ్గరుండి చూశాడు. ఇక పైనున్న తన ఊరొక్కటే మిగిలింది. ఆ ఎర్రమట్టి ఏటవాలు గుబ్బలుండే బటన్ల టైరుకే లొంగుతుంది.

"గీతలది సాలు బాబూ. మా కొండకి ఏ టైరూ ఎక్కదు."

"అయితే అదే ఎయ్యి," అన్నాడు వరహాలరావు కొట్టువాడితో.

భీముడి గుండె తేలికపడింది.

"అయినా నేనెక్కాల్సిన పనేటి? మొన్న సంతకి మీ యమ్మే మిరియాల మూట నెత్తినెట్టుకుని దిగింది. వచ్చే పంటకి అడ్వాన్సు పట్టుకెళ్లింది. ఊరందరినీ తెస్తానంది. మా గుంటడు నీకాడున్నాడు కదా, మోసం ఉండదు అంది."



ఊడదీసిన పాత టైరును వరహాలరావు కాలితో భీముడి వైపు తోశాడు. "ఇది తీసుకుపో. మీ యమ్మకి సెప్పులు కోయించు. మూటతో దిగినప్పుడు జారకుండా ఉంటాది."

భీముడు వంగి టైరు ఎత్తుకున్నాడు. చేతికి నున్నగా తగిలింది. బటన్లు ఎప్పుడో అరిగిపోయాయి.