ఆదివారపు పడవ

"ఏయ్ ఫ్లాస్కూ! ఆ ఉప్పుకాగితం పట్టుకుని బొమ్మలా నిలబడితే చెక్క దానంతటదే నున్నబడుతుందా?"

డ్రిల్లు మాస్టారు అరిచారు. అది చాలదనిపించి విజిల్ కూడా ఊదారు.

ఫ్లాస్కు గబుక్కున పడవ కిందకి దూరాడు. ఏదో చెబుదామని వచ్చాడు పాపం. మాట నోట్లోనే ఉండిపోయింది.

బజార్లో అతనికి గడియారాలు బాగుచేసే చిన్న కొట్టుంది. రోజంతా ఎదురు మాట్లాడని వాటితోనే పని కాబట్టి గొంతు పెద్దగా పెరగలేదు. మొదటి ఆదివారం అందరికీ టీ తీసుకుందామని దారిలో ఆగాడు. షెడ్డుకి చేరేసరికి ఆలస్యమైంది. అప్పటికే మాస్టారు వచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టి పనులు పంచేశారు.

అతని చేతిలో ఫ్లాస్కు చూసి, "టీ నీదా? మంచిది. పోసేసి, ఆ మూల కూర్చుని రుద్దు," అన్నారు. పేరు అడగలేదు. అప్పట్నుంచీ అతను ఫ్లాస్కే.

పడవ మాత్రం అల్లాటప్పాది కాదు. ఒకప్పటి పెద్ద వరదలో సగం ఊరిని ఒడ్డుకు చేర్చిన చెక్క పడవ. ఇప్పుడు చెదలు పట్టి, అడుగు ఊడి, షెడ్డులో బోర్లా పడి ఉంది. బాగుచేసుకోవడానికి సాయం కావాలని ఓనరు రేవు గోడకి కాగితం అంటిస్తే ఎనిమిది మంది వచ్చారు.

ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ పడవ పని రాదు.

పళ్ళ డాక్టరమ్మ ప్రతి పలకనీ చిన్న సుత్తితో తట్టి చూసేది. "ఇది పుచ్చిపోయింది, పీకేయాల్సిందే. దీన్ని నింపితే సరిపోతుంది," అనేది. ఓసారి అలవాటుకొద్దీ, "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని పడవనే అడిగింది. బస్సు కండక్టరు మేకులు అందిస్తూ, ఉన్న ముగ్గురినీ, "జరగండి, లోపలికి జరగండి," అని తోసేవాడు.

అయినా పని నడిచింది. అందర్నీ ఒక్కతాటి మీద నిలబెట్టింది ఓనరు మీద కోపం.

"మనిషన్నవాడు ఒక్కసారైనా వచ్చి తొంగిచూడాలా వద్దా?" అనేవారు మాస్టారు.

"సిగ్గుండాలి," అనేది డాక్టరమ్మ.

"ఉండాలండీ," అనేవాడు ఫ్లాస్కు, టీ పోస్తూ.

నడుం పట్టుకుని ఇంటికి చేరితే గుమ్మంలోనే భార్య నిలదీసేది.

"ఇవాళైనా చెప్పారా?"

"అందరూ మంచి ఊపు మీదున్నారే. మధ్యలో చెబితే బాగుండదు."

"రెండు ముక్కలు చెప్పి రావడానికి అంత భయమా? ఈసారి నేనొచ్చి చెప్తా."

"వద్దొద్దు! నీ చేతిలో కూడా ఉప్పుకాగితం పెడతారు."

గడ్డం గీసుకుంటూ అద్దం ముందు సాధన చేసేవాడు. 'మాస్టారూ, మీకో మాట చెప్పాలి.' అద్దంలో బాగానే వచ్చేది. షెడ్డు తలుపు దాటగానే ఎక్కడో జారిపోయేది.

ఒక ఆదివారం, పడవ ముక్కు దగ్గర పాత రంగు రుద్దుతుంటే అడుగున ఓ వంకర చేప బయటపడింది. ఎవరో చిన్నపిల్లాడు చాకుతో గీసినట్టుంది.

"ఆకతాయి వెధవ పని. గీకెయ్," అన్నారు మాస్టారు.

ఫ్లాస్కు చేప మీద అరచెయ్యి అడ్డంపెట్టాడు. "ఇది ఉండనివ్వండి మాస్టారూ."

ఆయనకి అతను ఎదురుచెప్పింది అదొక్కసారే. మాస్టారు విజిల్‌ని నోటిదాకా తీసుకెళ్ళి, ఎందుకో దించేశారు.

ఎట్టకేలకు పడవ పూర్తయింది. మాస్టారు అందర్నీ పడవ చుట్టూ నిలబెట్టారు. వచ్చే ఆదివారమే నీళ్ళలోకి దించడం.

"ఓనరు ఇప్పటికీ పత్తా లేడు. చెమట మనది. రేపు తీరిగ్గా వచ్చి ఎవడికో అమ్ముకుంటాడు. అందుకని, పడవ పని చేసినవాళ్ళదే అని తీర్మానిద్దాం. ఏమంటారు?"

ఎనిమిది చేతులు లేచాయి. ఫ్లాస్కు చెయ్యి లేవలేదు.

"ఏం ఫ్లాస్కూ?"

"అదికాదు మాస్టారూ... ఆ ఓనరు..."

"ఆ ఓనరు?"

అందరూ అతనివైపే చూశారు.

"మంచివాడేమోనండీ."

షెడ్డంతా గొల్లుమంది.

"మంచివాడైతే ఒక్క ఆదివారమైనా వచ్చి సాయంపట్టడా?" అన్నారు మాస్టారు.

ఆ ప్రశ్నలో న్యాయముందనిపించింది ఫ్లాస్కుకి. మెల్లగా చెయ్యెత్తాడు.

"ఏకగ్రీవం!" విజిల్ మోగింది.

వాటాల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. టీ పోసినవాడికి వాటా ఏమిటని కండక్టరు అడ్డుపడ్డాడు. అప్పుడు మాస్టారు ఫ్లాస్కు భుజం మీద చెయ్యేశారు.

"ఒక్క ఆదివారం మానలేదు వీడు. వీడికి లేనిది నాకూ వద్దు."

ఫ్లాస్కు కళ్ళు చెమర్చాయి. ఆ షెడ్డులో ఒకరు తన తరఫున మాట్లాడటం అదే మొదలు.

ఇంటికి నడిచి వచ్చాడో పరిగెత్తి వచ్చాడో అతనికే తెలియదు. చెప్పులతోనే వంటగదిలోకి వచ్చేశాడు. భార్య గరిటె పట్టుకుని తిరిగింది.

"ఏమిటా మొహం? మొత్తానికి చెప్పేశారా?"

"ఇక చెప్పే పనే లేదే! మా తాతయ్య నాకు రాసిచ్చిన పడవలో నాకూ తొమ్మిదో వంతు ఇచ్చారు!"