కంప్యూటర్ అందించిన మాట

“ఇంకెంతసేపు భాగ్యా?”

“కంపైల్ అవుతాంది వదినా. అన్న వాడిన సాఫ్ట్‌వేర్ చెడిపోయింది. ఈ పాత లాప్‌టాప్‌కు జపనీస్ టైపు చేసే సాఫ్ట్‌వేర్ రెడీమేడ్‌గా దొరకదు. సోర్స్ కోడ్ తెచ్చి మనమే తయారు చేసుకోవాల.”

“అంటే పిండి కొనకుండా ఇంట్లో రుబ్బుకోవడమా?”

“అంతే. నీ గ్రైండరంత అరవదు.”

భాగ్య మా ఆడబిడ్డ. మా ఆయన మార్కాపురం పలకలు జపాన్‌కు పంపేవారు. ఆ భాష తను నేర్చుకుని చెల్లెలికీ నేర్పారు. ఆయన పోయి నెలయింది. అక్కడ పలకలు కొనే తనకా గారికి ఆ కబురు వాళ్ల భాషలోనే రాయాలని నా పట్టుదల.

సాఫ్ట్‌వేర్ ఎక్కింది. ఉత్తరంలో ‘భార్య’ అనే మాట కోసం భాగ్య రెండక్షరాలు కొట్టగానే కింద ఒక పూర్తి వాక్యం వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఏందది?”

“అన్న తనకా గారికి మళ్లీ మళ్లీ రాసిన మాటలు పాత ఫైల్లో ఉన్నయ్ వదినా. వాటినే అందిస్తాంది.”

“ఏం రాసినారో చదువు.”

“‘నా భార్యకు చెప్పొద్దు, నాది క్యాన్సరని నాకు తెలుసని.’”

అది క్యాన్సరని డాక్టరు నాకొక్కదానికే చెప్పారు. నాలుగు నెలలు గ్యాస్ నొప్పని చెప్పి ఆయనకు వాము నీళ్లు తాగించాను. గ్లాసు ఖాళీ చేసి, “ఇప్పుడు హాయిగా ఉంది” అనేవారు. నా వైద్యం మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

“ఏం రాయమంటావ్ వదినా?” అంది భాగ్య.

“‘తనకా గారూ, మీరు మాట నిలబెట్టుకున్నారు, నాకు చెప్పలేదు’ అని రాయి.”