వేలిముద్ర చూపిన పెట్టె

"వేలిముద్ర సరిచూసుకోమంటోంది అత్తయ్యా," అంది కోడలు, కొత్త కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

ఆమె భర్త రాసిన ప్రోగ్రామంతా బీరువా పక్కన గుర్రుమంటున్న సర్వర్ పెట్టెలోనే ఉంది. ఈ కంప్యూటర్‌లోంచి ఆ పెట్టెలోకి వెళ్ళి దాన్ని తీసుకుంటేనే ఆయన పెట్టిన కంపెనీ నిలుస్తుంది. ఆయన లాప్‌టాప్ ఆయనతోపాటే ప్రమాదంలో నుజ్జయింది.

అత్తగారు కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. "వాడి వేలు ఇప్పుడెక్కణ్ణుంచి తెస్తామే?"

"ఆయనది కాదు. పెట్టే తన ముద్రంటూ ఏవో అక్షరాలు చూపించి, నేనేనా కాదా అనడుగుతోంది. అవి సరైనవో కాదో ఆయనకే తెలుసు."

"అవునను. మనింటి పెట్టెకి మన దగ్గర మొహమాటమేంటి?"

కోడలు అవునని కొట్టింది. పెట్టె క్షణం ఆగి, రానివ్వనంది.

"మళ్ళీ ఏం రోగం?"

"ఇప్పుడు నేనెవరో తెలీదంటోంది. తాళంచెవిలాంటి ఫైలొకటి ఉండాలట. అది ఆ లాప్‌టాప్‌లోనే పోయింది."

"పెట్టె విప్పిద్దాం."

"విప్పినా పిచ్చిగీతలే కనిపిస్తాయి. దొంగల చేతిలో పడినా పనికిరాకుండా ఆయనే కట్టుదిట్టం చేశారు."

అత్తగారు మెల్లగా కూర్చుంది. "దొంగలు గుర్తొచ్చారు గానీ, వెధవకి మనం గుర్తురాలేదు."

"గుర్తులేక కాదత్తయ్యా," అంది కోడలు. "మనకి తనే తీసిపెడతాననుకున్నారు."