మా గ్రూపు జల్లెడ

మా గృహప్రవేశం భోజనాలకు గురజాల మిర్చి రైతుల ఈమెయిల్ గ్రూపు నుంచి ఒక్కరూ రాలేదు. గోంగూర పచ్చడి గిన్నె నిండుగా అలాగే ఉంది. గ్రూపు పెద్దనైన నాకే ఇంత అవమానమా!

కండువా విసిరేసి, ఎదురింటి చెన్నయ్య బాబాయిని నిలదీశాను.

"పిలిస్తే గదరా వచ్చేది?" అన్నాడాయన.

"గ్రూపులో రాశాగా!"

"మాకేం రాలా."

ఫోన్ తీశాను. గ్రూపు ఆపేసిన ఉత్తరాల్లో నా పిలుపు పడి ఉంది. శుభోదయాలూ ఆహ్వానాలూ సోది అని, ఆ మాటలున్న ప్రతి ఉత్తరాన్నీ ఆపేసే ఏర్పాటు చేసింది నేనే. జనానికి మర్యాద నేర్పానని మురిసిపోయానే గానీ, ఆగినవేమిటో ఏనాడూ చూడలేదు.

"ఇంటికొచ్చి మీ పిన్నికి బొట్టు పెట్టించి పిలవాల్సింది," అన్నాడు బాబాయి.

"మీ అమ్మాయి పెళ్లికి మీరు నన్ను పిలిచారా? అందుకే మీ గడప తొక్కలా."

"అందరినీ గడపగడపకీ తిరిగి పిలిచాం. నీకు మాత్రం నీ పద్ధతి ప్రకారం గ్రూపులో రాశా. ఇంకాస్త కిందికి చూడు."

చూశాను.

"అబ్బాయ్, అందరికంటే ముందు నువ్వు రావాలి" అని ఉంది.