రెండు రోజుల సముద్రం

భాగ్యకు అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే. ఒట్టు తప్పితే బిడ్డకు ఏమన్నా అవుతుందని.

ఒట్టు పెట్టించుకున్నది భర్త ఐలేశ్. బయలుదేరే ముందు నాలుగేళ్ల ప్రియ నెత్తి మీద ఆమె చెయ్యి పెట్టించాడు.

"మనం సముద్రానికి పోయినమని పానం పోయినా ఎవ్వలకు చెప్పనని ఒట్టెయ్యి."

భాగ్య వేసింది.

అతను జనగామ బస్సు డిపోలో కండక్టర్. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులన్నీ ఆగిపోయాయి. డిపో ముందు దీక్షా శిబిరంలో అందరికంటే గట్టిగా నినాదాలిచ్చేది అతనే. "సమ్మె ఇడిసి పక్కకు పోయినోడు మనోడే కాదు" అని మైకులో అన్నదీ అతనే.

పోదామన్నది మాత్రం భాగ్య. పెళ్లయిన ఆరేళ్లలో అతనికి వరసగా రెండు రోజులు సెలవు దొరికింది లేదు. ఏడో తరగతిలో బడి మానిపించినా, పుస్తకంలో బొమ్మ చూసినప్పటి నుంచి ఆమెకు సముద్రం చూడాలని కోరిక.

"సమ్మె అయిపోయినంక నీకు డ్యూటీలే డ్యూటీలు. మల్ల ఎప్పుడు సూస్తం?" అని పది రోజులు సతాయించింది.

శిబిరంలో రోజుకు ఐదుగురు చొప్పున నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. గురువారం ఐలేశ్ వంతు. దవాఖాన పనైతే తప్ప వంతు తప్పించుకునే వీల్లేదు. అందుకని నెపం తల్లి వెంకటనర్సమ్మ మీద పెట్టాడు.

"మా అవ్వకు పానం మంచిగ లేదు. హైదరాబాద్ దవాఖానకు తోల్కపోతున్న."

ఎవరూ అనుమానించలేదు. షుగరున్న పెద్దమనిషి కనకయ్య అతని బదులు తాను కూర్చుంటానన్నాడు. "అవ్వను మంచిగ సూస్కో కొడుకా" అని భుజం కూడా తట్టాడు.

నిజానికి వెంకటనర్సమ్మకు మోకాళ్ల నొప్పులు తప్ప ఏ జబ్బూ లేదు. "పోయి రాండ్రి. రెండు రోజులే గదా, నేనెట్లనన్న ఉంట" అని ఆమే ధైర్యం చెప్పింది. భాగ్య అత్తకు రెండు రోజులకు సరిపడా రొట్టెలు చేసి పెట్టింది. గురువారం వాడ లేవకముందే ఇంటికి తాళం వేసుకుని రైలెక్కారు.

బాపట్లలో దిగి సూర్యలంక తీరం చేరేసరికి ఇసుక వేడెక్కి ఉంది. అల వచ్చి గోరువెచ్చగా కాళ్లకు తగిలింది.

"అమ్మా, గీ నీళ్లను ఎవలు ఊపుతున్నరు?" అంది ప్రియ.

భాగ్య నవ్వింది. ఆ రెండు రోజుల్లో మనసారా నవ్వింది అప్పుడొక్కసారే.

బజ్జీల బండి ఆమె వాళ్ల మాట విని, "తెలంగాణా వాళ్లా?" అనడిగింది.

"కాదండీ, మాది నందిగామండీ, ఊరికే చూడ్డానికండీ" అన్నాడు ఐలేశ్.

"మా మేనత్తది నందిగామే బాబూ. అక్కడ ఇన్ని అండీలు ఉండవే!"

"బాపూ, మనది జనగామ గదా?" అంది ప్రియ.

ఐలేశ్ బజ్జీ పొట్లం చేత్తో పట్టుకుని సముద్రం వైపు తిరిగిపోయాడు. మైకు ముందు నిలబడ్డ మనిషేనా అనిపించింది భాగ్యకు. తనే కదా అతన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చింది.

సమ్మెలో భాగంగా రైళ్లు ఆపే రైల్ రోకో శనివారం నుంచి. శుక్రవారమే ఇల్లు చేరాలనుకున్నారు. తీరా స్టేషన్‌కు వస్తే, అటు పోయే బండ్లన్నీ ఒకరోజు ముందే రద్దు చేశారన్నారు. బస్సులు తెలంగాణలోకి పోవడం లేదు.

శనివారం ప్రియకు జ్వరం వచ్చింది. అప్పుడే పక్కింటి ముత్తమ్మ ఫోన్ చేసింది.

"మీ అత్తకెట్లుందే?"

"గ్లూకోజు... గ్లూకోజు ఎక్కిస్తున్నరక్కా."

"పాపం. అవునే, మీ ఇంట్ల గిన్నెలు పడ్డ సప్పుడైతున్నది. పిల్లి సొచ్చినట్టుంది. తాళం పలగ్గొట్టి సూడుమంటవా?"

ఒళ్లో పిల్ల నుదురు కాలిపోతోంది.

"వద్దక్కా. మేమే వస్తం."

ఫోన్ పెట్టేసి భర్త చెయ్యి పట్టుకుంది. "చెప్పేద్దం. నాతోని అయితలేదు."

"ఒట్టేసినవ్. పోరిని సూడు, జరంతోని ఎట్ల కాలుతున్నదో" అన్నాడు ఐలేశ్. "రేపటికల్ల ఏదన్న లారీ పట్టుకొస్త. పోయినంక అన్నీ మనమే సూస్కుందం."

ఆదివారం పొద్దున్నే అతను లారీ కోసం వెళ్లాడు. మధ్యాహ్నమైనా రాలేదు. ముత్తమ్మ మళ్లీ ఫోన్ చేసింది.

"ఐలేశ్ బదులు కూసున్ననాడు కనకయ్య దీక్షల కండ్లు తిరిగి పడ్డడంటనే, నాకిప్పుడే తెల్సింది. ఇప్పుడు మంచిగనే ఉన్నడు తియ్. లేవంగనే మీ అత్త ముచ్చటే అడిగిండట."

భాగ్య ప్రియ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

"ఇంకోటి. పొద్దుగాల్నుంచి మీ ఇంట్ల సప్పుడు లేదు. పిల్లి ఎల్లిపోయినట్టుంది. నువ్వేం రంది పెట్టుకోకు."

"అక్కా..."

"చెప్పవే."

ప్రియ వేడి చెయ్యి తల్లి కొంగును గట్టిగా పట్టుకుంది.

"ఏం లేదక్కా."

ఆమె ఇక చెప్పదు, కాబట్టి ఇది చదువుతున్న మీలో ఎవరైనా జనగామ డిపో వెనక సందులో ఉంటే, దయచేసి వెంటనే ఆ ఇంటి తలుపు పగలగొట్టి చూడండి, దవాఖానలో ఉందని అందరూ అనుకుంటున్న వెంకటనర్సమ్మ, తన కొడుకు పరువు కోసం గొంతెత్తకుండా నాలుగు రోజులుగా లోపలే ఉంది.